బొట్టు పెట్టే ముందు

మా అత్త పోయిందన్న కబురు నాకు టీ అంగడి దగ్గర అందింది. చేతిలో గ్లాసు ఉంది. రోడ్డుకు అవతల లాప్‌టాప్‌లు అమ్మే అంగడిలో, బల్ల మీద, ఒక బూడిదరంగు లాప్‌టాప్ మూత మూసుకుని ఉంది. దానికి ఒక పక్క మా అత్త పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంది. మూత మూసి పావుగంట ఆగి మళ్ళీ తెరిచి చూడాలి. కొనే ముందు అదే ఆఖరి పరీక్ష. ఆ పావుగంట గడపడానికి ఎదురుగా పోయి టీ తాగాలన్నది కూడా మా అత్త పెట్టిన పద్ధతే. సగం టీ తాగానో లేదో ఫోన్ మోగింది. మా నాయన.

"పాపా, యాడున్నావు?" అన్నాడు. చెప్పాను. "అత్త పోయింది పాపా. ఇన్‌స్టిట్యూట్‌లోనే. కుర్చీలో కూర్చోని ఉన్నట్టే పోయింది. నువ్వు రా" అన్నాడు.

గ్లాసు అక్కడే పెట్టి బండి ఎక్కాను. అంగడిలోకి మళ్ళీ వెళ్ళలేదు, పెన్‌డ్రైవ్ తీసుకోలేదు, ఒక మాట చెప్పలేదు. ఆ లాప్‌టాప్ మా అత్త కోసమే. అప్పటిదాకా ఎన్ని లాప్‌టాప్‌లు కొన్నా ఆమె పక్కన నిలబడి ఉండేది. ఆ రోజు పొద్దున మాత్రం పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి, "ఈసారి నేను రాను. నువ్వే చూసి ఎంచుకోని రా" అంది. నా ఒక్కదానికే అప్పజెప్పిన మొదటి పని అది. దాన్ని సగంలో వదిలేసి వచ్చాను.

పోయినవాళ్ళ గురించి గొంతు తగ్గించి రాయాలని నాకూ తెలుసు. అలాగే మొదలుపెట్టి మూడుసార్లు చెరిపేశాను. మా అత్త గురించి రాయబోతే నాకు ఏడుపు కంటే ముందు ఉత్సాహం వచ్చేస్తుంది. ఏం చేయను, ఆమె పక్కన నిలబడి నేను నేర్చుకున్నదంతా అదే.

ఆమె మా నాయనకు అక్క. ధర్మపురి బస్టాండుకు దగ్గరలో, ఒక మందుల అంగడి మేడ మీద, టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపింది. ఊళ్ళో సగం ఆఫీసుల్లో గుమాస్తాల వేళ్ళు ఆమె దగ్గర అలవాటైనవే. అది తమిళ ఊరు, అందరూ ఆమెను టీచర్ అనేవాళ్ళు. మేం ఆ దగ్గర్లోనే సోగత్తూరులో ఉంటాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తాతల తాతల నాటి నుంచి ఇంతే. తెలుగు మాట్లాడతాం కానీ చదవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. రాదు అని ఎవరూ బాధపడినట్టు కూడా నాకు గుర్తు లేదు.

ఇన్‌స్టిట్యూట్‌లో ప్రతి టైపు మిషనుకూ ఒక గుడ్డ తొడుగు ఉండేది. పాత చీరల్లోంచి కత్తిరించి అత్తే కుట్టేది. సాయంత్రం తాళం వేసే ముందు ఒక్కొక్క మిషనుకూ తొడుగు వేసి, చంటిబిడ్డకు దుప్పటి సర్దినట్టు అంచులు లాగేది. మిషను వాడేవాళ్ళు లేక తుప్పు పట్టినా తొడుగు మాత్రం ఉతికినదే ఉండేది.

టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయాక ఆమె ఎక్కడో వాడి పారేసిన కంప్యూటర్లు ఆరు తెచ్చి పెట్టింది. అవి లేవడానికే అరగంట పట్టేది. లేచాక కూడా పాతబడిపోయాను, కొత్తది కొనుక్కో అని తెర మీద చెబుతూ ఉండేవి. రిపేరు చేసేవాడు వచ్చి చూసి తీసి పారేయమన్నాడు. అప్పుడు బెంగుళూరులో పనిచేస్తున్న ఒక పాత శిష్యురాలు సెలవుకు వచ్చి, ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చింది. అందులో ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. దాన్ని గుచ్చితే చాలు, ఆ కంప్యూటర్లో ముందున్నదాన్ని ముట్టుకోకుండానే కొత్త సిస్టమ్ నడిచి చూపిస్తుంది. నచ్చితే లోపల ఎక్కించుకోవచ్చు, లేకపోతే పెన్‌డ్రైవ్ పీకేయవచ్చు.

ఆ రోజు ఆమె ఫోన్ చేసిన గొంతు నా చెవుల్లో అట్లాగే ఉంది.

"పాపా, బతికింది. నిమిషంలో లేచి కూర్చునింది. ఎవురి పర్మిషనూ అక్కర్లే అంట. లోపల ఎట్ల చేసినారో అది కూడా అందురికీ తెరిచి పెట్టినారంట. కూర వండి పెట్టి, ఎట్ల వండినామో కూడా చెప్పిచ్చినట్టు."

నేను అప్పుడు పన్నెండో తరగతి. స్కూలు నుంచి నేరుగా మేడ ఎక్కాను. ఇద్దరం కలిసి ఆ కొత్త సిస్టమ్‌లో దొరికిందల్లా నొక్కి చూశాం. ఒకచోట భాషల పట్టిక వచ్చింది. కిందికి పోతూ ఉంటే తమిళం ఉంది, కన్నడం ఉంది, ఆ తర్వాత తెలుగు. అత్త కుర్చీలో ముందుకు జరిగింది. "మన ఇంట్లో బాస కూడా ఉండాది చూడు" అని, ఇంకో ఆలోచన లేకుండా నొక్కేసింది.

తెరంతా తెలుగైపోయింది. మాకిద్దరికీ ఒక్క అక్షరం రాదు. వెనక్కి మార్చాలంటే ఏది నొక్కాలో తెలియదు. సొంత భాషలోకి మార్చుకుని దారి తప్పినవాళ్ళు ప్రపంచంలో మేమిద్దరమే అయ్యుంటాం. ఇంకొకరైతే భయపడి శిష్యురాలికి ఫోన్ చేసేవాళ్ళు. అత్త నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "వచ్చింది కదా, ఉండనీ" అంది. మరుసటి ఆదివారం బస్సెక్కి కుప్పం పోయి ఒకటో తరగతి తెలుగు వాచకం తెచ్చింది. అరవైకి దగ్గరలో ఉన్న ఆమె, పదిహేడేళ్ళ నేను, ఒకే పుస్తకంలో వేలు పెట్టి అ ఆలు నేర్చుకున్నాం. నేను మొదట చదివిన తెలుగు మాటలు తెరువు, మూసివేయి, భద్రపరచు. దస్త్రం అన్న మాట చదివి వినిపిస్తే మా నాయన, "అదెవురు?" అన్నాడు. ఈ వ్యాసం నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ రోజు ఆమె వేలు అక్కడ నొక్కబట్టే.

కొన్నాళ్ళకు ఆ తెలుగు తెరలో ఒక మాట తప్పుగా ఉందని ఆమెకు అనిపించింది. ఆ సిస్టమ్‌ను తెలుగు చేసే స్వచ్ఛంద కార్యకర్తలకు నాలుగు వరుసల ఉత్తరం రాసింది. ముఖం తెలియని మనిషెవరో మీరు చెప్పింది సరే అని జవాబిచ్చారు. కొత్త సిస్టమ్ వచ్చినప్పుడు ఆ మాట మారి ఉంది. ఇన్‌స్టిట్యూట్‌లో అందరికీ మైసూర్‌పాకు పంచి, కింద మందుల అంగడాయన్ని కూడా పైకి పిలిచి తెర చూపించింది. ఆయనకు తెలుగు రాదు. అయినా బాగుంది టీచర్ అన్నాడు.

ఇక నా తెలివితక్కువ పని గురించి చెప్పాలి. అది చెప్పకపోతే మా అత్త గురించి చెప్పినట్టే కాదు.

డిగ్రీ అయ్యాక నాకు హోసూరులో ఒక చిన్న కంపెనీ పని ఇచ్చింది. ఇంటి నుంచే చేయవచ్చు. ఒకటే షరతు. లాప్‌టాప్ నాదే కావాలి, అందులో ఓపెన్ సోర్స్ సిస్టమ్ నడవాలి. పది రోజుల్లో చేరకపోతే ఆ పని నా వెనక ఉన్నవాళ్ళకు పోతుంది. మా నాయన అప్పుడే మామిడి అమ్మాడు. ఈ ఏడు ఒక్కదానికే కుదురుతుంది, చూసి కొనుక్కో అన్నాడు. అత్త ఆ వారం పరీక్షల పనిలో ఉంది. ఆమె కోసం ఆగుదామని నాకు తోచలేదు. తోచలేదు అనడం కూడా అబద్ధమే. నాకంతా తెలుసనుకున్నాను. నా స్నేహితురాలి దగ్గర వెండిరంగు లాప్‌టాప్ ఉండేది, అందులో ఈ సిస్టమ్ హాయిగా నడిచేది. అదే పేరు, అదే నంబరు చూసి పక్క ఊళ్ళో ఒక పెద్ద అంగడిలో కొన్నాను.

ఇంటికి తెచ్చేసరికి మా నాయన పూజకు సిద్ధంగా ఉన్నాడు. మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా బొట్టు పెట్టకుండా ముట్టుకోరు. ట్రాక్టరుకు చేసినట్టే దీనికీ చేశాడు. రెండు పక్కలా నిమ్మకాయలు, మూత మీద పసుపు కుంకుమ, మూత తెరిచి తెర పైన సరిగ్గా మధ్యలో ఇంకో బొట్టు, తర్వాత హారతి. తెర పైన మధ్యలో కెమెరా ఉంటుందని ఆయనకు తెలియదు. నాకు తెలుసు గానీ ఆ భక్తి చూసి నోరు రాలేదు.

హారతి కళ్ళకు అద్దుకుని పెన్‌డ్రైవ్ గుచ్చాను. సిస్టమ్ లేచింది. బొమ్మ వచ్చింది, పాట వచ్చింది. వైఫై రాలేదు. అసలు ఆ లాప్‌టాప్‌లో వైఫై అన్నదే లేనట్టు చూపించింది. నా స్నేహితురాలి దాంట్లో ఒక కంపెనీ వైఫై కార్డు, నా దాంట్లో ఇంకో కంపెనీది. పేరొకటే, నంబరొకటే, లోపలి సామాను వేరు. ఈ సిస్టమ్‌కు ఆ కార్డు పరిచయమే లేదు.

వారంలోపు తిరిగి ఇచ్చేయవచ్చని అంగడివాళ్ళు చెప్పారు. మా నాయన ఒప్పుకోలేదు. "బొట్టు పెట్టి హారతి ఇచ్చినాము పాపా. మళ్ళా తీసుకపోయి వద్దు అంటే బాగుంటుందా? ఇంటికొచ్చినదాన్ని పంపించేది మన ఇంట్లో లేదు" అన్నాడు. నేను ఆ రెండు నిమ్మకాయల మధ్య తల పెట్టి ఏడ్చాను.

మర్నాడు అత్త బస్సులో వచ్చింది. వస్తూనే కెమెరా మీద బొట్టు చూసి పెద్దగా నవ్వింది. నాకు కోపం వచ్చింది. ఆమె పట్టించుకోలేదు. "బళ్ళో ఒకే పేరుండే పిల్లోళ్ళు ఎంతమంది లేరు? అందురూ ఒకే మాదిరి ఉంటారా? పేరు చూసి కొనద్దు పాపా, కడుపు చూసి కొను" అంది. సంచిలోంచి టైపు మిషనుకు వాడే చిన్న స్క్రూడ్రైవరు తీసింది. దగ్గర్లో ఇండూరు అనే ఊళ్ళో ఒక రైసుమిల్లు వాళ్ళు పారేసిన లాప్‌టాప్ లోంచి పీకిన వైఫై కార్డు ఒకటి పొట్లం కట్టి తెచ్చింది. రెండు వేలిగోళ్ళంత ఉంది అది.

"అక్కా, పూజ చేసినదాన్ని విప్పొచ్చునా?" అన్నాడు మా నాయన.

ఆమె లాప్‌టాప్‌ను బోర్లా పెట్టి దానికి ఒక దండం పెట్టింది. "ఇప్పుడు సరియా?" అంది. పది స్క్రూలు విప్పి, ఉతికిన తువ్వాలు మీద వరసగా పెట్టి, పాత కార్డు తీసి కొత్తది పెట్టి, మళ్ళీ బిగించింది. ఆన్ చేశాం. తెర కింద మూలన చిన్న గుర్తు వచ్చింది. నొక్కితే మా వీధిలో వాళ్ళ వైఫై పేర్లన్నీ వరసగా దిగాయి. నేను మంచం మీదికి ఎక్కి గెంతాను. ఇరవై రెండేళ్ళ మనిషిని. అత్త నాతో గెంతలేదు గానీ, తువ్వాలును విప్పి మళ్ళీ మళ్ళీ మడిచింది. అది సంతోషమని నాకు తెలుసు, టైపు పరీక్షల ఫలితాలు చదివేటప్పుడు కూడా కాగితాన్ని అలాగే విప్పి మడిచేది.

తర్వాత మా నాయన వైపు తిరిగింది. "తమ్ముడా, నాయన ఎద్దుల్ని ఎట్ల కొనేవాడో మరిచిపోయినావా? సంతలో పల్లు చూసేవాడు, తోక చూసేవాడు, అంతటితో దుడ్డు ఇచ్చేవాడా? కాడి కట్టి దుక్కిలో నాలుగు సాళ్ళు తోలి చూసినాకే మాట ఇచ్చేవాడు. బొట్టు ఇంటికొచ్చినాక. పరీక్ష ముందు, పూజ వెనక."

వాళ్ళ నాయన పేరెత్తేసరికి మా నాయన సరేనన్నాడు. కెమెరా మీది బొట్టు మాత్రం తుడవనివ్వలేదు, దానంతట అదే రాలాలన్నాడు. కంపెనీ వాళ్ళతో మొదటి మీటింగులో నేను ఎర్రటి మబ్బులోంచి మాట్లాడినట్టు కనిపించానట. అయినా పని నాకే వచ్చింది. ఆ పనిలో ఇప్పటికీ ఉన్నాను.

ఆ మీదట మా చుట్టుపక్కల ఎవరు లాప్‌టాప్ కొనాలన్నా అత్తను పిలుచుకుని పోయేవాళ్ళు, అత్త నన్ను పిలుచుకుని పోయేది. పెన్‌డ్రైవ్‌కు దిష్టి తగలకుండా నల్లదారం కట్టి, పిన్నీసుతో చీర కొంగుకు గుచ్చుకునేది. బస్టాండు ఎదురు అంగడాయన మొదట్లో మమ్మల్ని చూస్తే తలుపు మూసుకునేవాడు. కొనకముందే ఏదో గుచ్చి నడుపుతామంటే ఎవరికి నచ్చుతుంది? అత్త గొడవ పడలేదు. ఆయన అంగడిలోనే మూలన పడి ఉన్న ఒక పాత కంప్యూటర్ని ఈ సిస్టమ్ పెట్టి లేపి చూపించింది. అప్పటి నుంచి ఆయనే కుర్చీ వేసేవాడు. కూల్‌డ్రింకు తెప్పించేవాడు. పరీక్ష అయ్యేదాకా ఆమె అది ముట్టుకునేది కాదు. తాగి, తర్వాత బాగాలేదు అని చెప్పడం కష్టం పాపా అనేది.

ఆమె పరీక్ష చేయడం చూడాలి. ముందు వైఫై. అది దొరక్కపోతే తక్కినవి చూడనే చూడదు. తర్వాత రెండు వేళ్ళతో తెర కిందికీ పైకీ జరిపేది. ఫోన్‌లోని నాదస్వరం లాప్‌టాప్‌కు పంపి వినేది. వెలుతురు పెంచే మీటలు, తగ్గించే మీటలు, కెమెరా, ఆ తర్వాత వైరు పెట్టి అంగడాయన పెద్ద టీవీలో బొమ్మ వస్తుందా లేదా. ఆటలాడేవాళ్ళ కోసం వేరే గ్రాఫిక్స్ కార్డు పెట్టిన ఖరీదైన వాటిని ఆమె ఎప్పుడూ ఒప్పుకోలేదు. అవి ఈ సిస్టమ్‌తో అంత సులువుగా కలవవు, వేడెక్కుతాయి కూడా. అంగడాయన చిన్నబుచ్చుకుంటే, లాప్‌టాప్‌ను కూడా బండి అనే అత్త, "నీ బండి చెడ్డదని కాదు పా, మాకు కుదర్లేదు, అంతే" అనేది. ఎవరినైనా వద్దనేటప్పుడు నేను ఆ మాటే వాడుతున్నాను. ఇద్దరికీ ముఖం చెల్లుతుంది.

అన్నీ అయ్యాక ఉత్తరం. అది టైప్‌రైటింగ్ టీచరు పరీక్ష. ప్రతి మీటా తగలాలి కదా, ఊరికే అక్షరాలు కొట్టడం ఆమెకు నచ్చదు. "మీట నొక్కితే మాట రావాల" అనేది. అందుకని ఎవరికో ఒకరికి నిజంగానే ఉత్తరం రాసేది, తమిళంలో కొంత, ఇంగ్లీషులో కొంత, చివర తెలుగులో. ఆ ఉత్తరాలన్నీ పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయి. మా నాయనకు రాసింది ఉంది. అంగడాయనకు రాసింది ఉంది, కుర్చీ కాలు ఊగుతోంది బాగు చేయించు అని. నాకు రాసినవి ఏడు ఉన్నాయి. ఒకదాంట్లో, ఈ బండి మీద నీ పేరు కొడుతుంటే చేతికి సుఖంగా ఉంది అని ఉంది.

ఆఖరున మూత. మూసి టీకి పోయి వచ్చి తెరిస్తే, ఎక్కడ వదిలామో అక్కడి నుంచే లేవాలి. చాలా లాప్‌టాప్‌లు అన్నీ నెగ్గి ఇక్కడ పడిపోతాయి. నిద్రపోతాయి, మళ్ళీ లేవవు, తెర నల్లగా ఉండిపోతుంది.

ఇప్పుడు ఆ రోజుకు వస్తాను. ఇన్‌స్టిట్యూట్‌లో అత్త పాఠాలు చెప్పే లాప్‌టాప్ తెర సగం చచ్చిపోయింది. కొత్తది కావాలి. ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. పద్నాలుగు అంగుళాలు దాటకూడదు. వత్తల్‌మలై కొండ మీది నుంచి రోజూ బస్సులో దిగివచ్చి టైపు నేర్చుకునే ఒక ఇంటి కోడలు ఉంది. శనివారాలు లాప్‌టాప్ ఆమెతో ఇంటికి పంపించాలని అత్త ఆలోచన, ఆమె సంచిలో అది పట్టాలి. "దాని మీద ఇంకేమీ చెప్పను. నా చెయ్యి కొట్టే బండి, నువ్వు ఎంచుకో" అంది. కొంగు పిన్నీసు తీసి, నల్లదారంతో సహా పెన్‌డ్రైవ్ నా అరచేతిలో పెట్టింది. నేను మెట్లు దిగుతుంటే కూనిరాగం తీస్తోంది. నేను ఆమెను చూసింది అంతే.

అంగడాయన నన్ను చూసి, "టీచర్ వరలియా?" అన్నాడు, ఆమె లేకుండా నన్నెప్పుడూ చూడలేదు మరి. రాలేదన్నాను. నా ముందు రెండు పెట్టాడు. ఒకటి నీలంగా మెరుస్తూ, అంచులు కత్తిలా సన్నగా, చూస్తేనే ప్రాణం లేచి వచ్చేలా ఉంది. రెండోది బూడిదరంగు, స్కూలు పలకలాగా. నా వేళ్ళు నీలం దాని మీదికే పోయాయి. నాలుగేళ్ళ కింద వెండిరంగు మీదికి పోయినట్టే. పెన్‌డ్రైవ్ గుచ్చాను. వైఫై దొరికింది. మనసు ఎగిరింది. కానీ స్పీకర్లు పలకలేదు. ఎన్ని విధాల చూసినా పలకలేదు. "చెడ్డదని కాదు అన్నా, మాకు కుదర్లేదు" అన్నాను. నా నోట్లోంచి ఆమె మాట వచ్చినందుకు నాకే నవ్వొచ్చింది. బూడిదరంగుదానికి గుచ్చాను. ఒక్కొక్కటీ నెగ్గుతూ పోయింది. నాకు ఒళ్ళు వెచ్చబడింది. ఉత్తరం ఎవరికి రాయాలో ఆలోచించాల్సిన పని లేదు. అత్తకే రాశాను.

"అత్తా, వైఫై దొరికింది. పాట వినపడింది. కెమెరాలో నా ముఖం ఉంది, బొట్టు లేదు. మీటలు మెత్తగా ఉన్నాయి, నీ వేళ్ళకు నచ్చుతాయి. మూత మాత్రం ఇంకా చూడలేదు."

మూత మూశాను. టీకి పోయాను. ఆ తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

పదమూడో రోజు కార్యం అయ్యాక మేడ మీది గది ఏం చేద్దామని మా నాయన అడిగాడు. వత్తల్‌మలై కోడలు ఆ రోజు కూడా వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది. పాఠం ఉంటుందేమోనని చూస్తోంది. సాయంత్రాలు నేను చెప్తాను అన్నాను. చెప్పాలంటే లాప్‌టాప్ కావాలి. మర్నాడు పొద్దున అంగడికి పోయాను. పెన్‌డ్రైవ్ ఉందో పోయిందో తెలియదు. ఆ లాప్‌టాప్ ఈపాటికి ఎవరింట్లోనో ఉంటుందనుకున్నాను.

అంగడాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. లోపలి అలమర తలుపు తీశాడు. బూడిదరంగు లాప్‌టాప్ మూత మూసినట్టే ఉంది. పెన్‌డ్రైవ్ గుచ్చినట్టే ఉంది, నల్లదారం వేలాడుతోంది. చార్జింగు వైరు పెట్టి ఉంది. పైన ఒక కాగితం, ముట్టుకోవద్దని తమిళంలో రాసి. టీచర్ పరీక్ష నడుమ ఆపితే తిడతారని చార్జింగు పెట్టి ఉంచానమ్మా అని తమిళంలో అని, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఏ లాప్‌టాప్‌కూ ఇంత పొడుగు మూత పరీక్ష జరిగి ఉండదు. బల్ల మీద పెట్టుకుని మూత మీద చేయి వేశాను. లేవకపోతే? అన్నీ నెగ్గి ఇక్కడ పడిపోయేవాటిని ఎన్ని చూడలేదు? ఆమె నాకిచ్చిన ఒకే ఒక్క పని తప్పిపోతుంది, మళ్ళీ చేసి చూపించడానికి ఆమె లేదు. మూత తెరిచాను. తెర నల్లగా ఉంది. ఒక మీట నొక్కాను. నల్లగానే ఉంది. అంగడాయన నా వెనకాల వచ్చి నిలబడ్డాడు.

వెలుగు వచ్చింది. ఉత్తరం అట్లాగే ఉంది. మూత మాత్రం ఇంకా చూడలేదు అన్న మాట చివర ఆ చిన్న గీత మినుకుమినుకుమంటోంది. మూలన వైఫై తనంతట తాను కలుసుకుంది. నేను ఒక అరుపు అరిచాను. అంగడాయన చప్పట్లు కొట్టాడు. తర్వాత ఇద్దరికీ సిగ్గేసింది. ఉత్తరం కింద ఇంకో వరుస కొట్టాను. "అత్తా, చూశాను. లేచింది. ఇదే తీసుకుంటున్నాను." భద్రపరచు నొక్కాను. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు. వచ్చింది మాత్రం బాగా వచ్చింది. అంగడాయన కూల్‌డ్రింకు తెచ్చి పక్కన పెట్టాడు. పరీక్ష అయిపోయింది కదా, తాగాను.

మేడ మీదికి తెచ్చేసరికి మా నాయన కుంకుమ భరిణె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందుకు రాలేదు.

"అన్నీ చూసినావా పాపా?"

"చూసినాను నాయనా."

"మూత కూడా?"

"మూత కూడా."

"కెమెరా యాడుండాది, చూపించు" అన్నాడు. చూపించాను. దానికి జానెడు దూరంలో, మూత బయట మూలన, ఆవగింజంత బొట్టు పెట్టాడు.

సాయంత్రం పాఠం అయ్యాక టైపు మిషన్లకు తొడుగులు వేస్తూ వచ్చాను. లాప్‌టాప్‌కు తొడుగు లేదు కదా అని, గుడ్డ ఏమైనా దొరుకుతుందేమోనని అత్త బల్ల సొరుగు లాగాను. పైనే ఒకటి మడిచి పెట్టి ఉంది. ఆమె ఆకుపచ్చ నూలుచీరలోది, కొత్తగా కుట్టింది, ఇంకా ఉతకను కూడా లేదు. సూది దానికే గుచ్చి ఉంది. తీసి లాప్‌టాప్‌కు తొడిగాను. నాలుగు మూలలా సరిపోయింది. చార్జింగు వైరు కోసం ఎడమ పక్క చిన్న చీలిక వదిలి, అంచు కుట్టి ఉంది. బూడిదరంగు లాప్‌టాప్‌కు వైరు పెట్టేది ఎడమ పక్కే. ఆమెకు ఎట్లా తెలుసు అనుకుంటూ అంచులు లాగుతుంటే కుడి పక్క వేలికి తగిలింది. అక్కడ కూడా అంతే చీలిక, అంతే శ్రద్ధగా కుట్టి ఉంది. నేను ఏది తెస్తానో ఆమెకు తెలియదు. అందుకని రెండు వైపులా వదిలిపెట్టింది.